ఏడేళ్ల యుద్ధం (1756–1763): సామ్రాజ్యాల కాలాన్ని మలుపు తిప్పిన పోరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సామ్రాజ్యాల కాలంలో పెద్ద మలుపులు ఏవంటే చాలామంది 1492, 1498, 1789, 1914 అని చెబుతారు. ఆ వరసలో ఏడేళ్ల యుద్ధానికి కూడా చోటుండాలని నా గట్టి నమ్మకం. అమెరికా స్వాతంత్ర్యం, ఫ్రెంచి విప్లవం, బెంగాల్లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ రాజ్యం, మన సర్కారు జిల్లాలు ఇంగ్లీషువారి చేతికి పోవడం, ఇవన్నీ ఈ యుద్ధం దగ్గరికే వచ్చి కలుస్తాయి. పైగా ఇందులో లెక్కకొచ్చే పోరాటాలు కొన్ని పిఠాపురం దగ్గర, బందరులో జరిగాయి. ఆ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. విద్యార్థులు, చరిత్ర మీద ఇష్టం ఉన్నవారు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ఈ యుద్ధం ఎవరెవరి మధ్య జరిగింది?

ఒకవైపు బ్రిటన్, ప్రష్యా అనే జర్మన్ రాజ్యం. మరోవైపు ఫ్రాన్స్, ఆస్ట్రియా, రష్యా. చివర్లో స్పెయిన్ కూడా ఫ్రాన్స్ వైపు దిగింది. యూరప్‌లో అసలు తగాదా సైలీషియా అనే ప్రాంతం గురించి. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దాన్ని అంతకు ముందే ఆస్ట్రియా నుంచి లాక్కున్నాడు, ఆస్ట్రియాను ఏలుతున్న మరియా థెరీసా దాన్ని తిరిగి తెచ్చుకోవాలని పట్టుబట్టింది. బ్రిటన్, ఫ్రాన్స్ మధ్య తగాదా వేరు. వాళ్లు అమెరికాలో భూమి కోసం, కరీబియన్ దీవుల్లో చక్కెర కోసం, ఇండియాలో వర్తకం కోసం కొట్టుకుంటున్నారు. ఈ రెండు తగాదాలు 1756లో ఒకటైపోయాయి.

అయితే మొదలైంది యూరప్‌లోనేనా?

కాదు, అమెరికా అడవుల్లో. ఒహాయో నదీ లోయ మాదంటే మాదని ఫ్రెంచివారు, వర్జీనియా వలసదారులు పోటీపడుతున్నారు. ఆ నేల నిజానికి అక్కడి మూలవాసులది. 1754 మే నెలలో వర్జీనియా దళం ఒకటి ఫ్రెంచి బృందం మీద దాడి చేసి దాని నాయకుడు జుమోన్‌విల్ చావుకు కారణమైంది. ఆ దళాన్ని నడిపిన 22 ఏళ్ల కుర్రాడి పేరు జార్జ్ వాషింగ్టన్. జులైలో ఫ్రెంచివారు అతన్ని చుట్టుముట్టి లొంగదీసుకున్నారు. యుద్ధం ప్రకటించింది మాత్రం ఇంకో రెండేళ్లకు, 1756 మేలో. అందుకే అమెరికా పుస్తకాల్లో ఇది ఏడేళ్ల కంటే పొడవైన యుద్ధంగా కనిపిస్తుంది.

దీన్ని మొదటి ప్రపంచ యుద్ధం అనవచ్చా?

అనవచ్చనే నా అభిప్రాయం. చాలామంది చరిత్రకారులూ అలాగే చూస్తారు. క్యూబెక్, హవానా, గ్వాడలూప్, సెనెగల్ తీరం, జర్మనీ, బెంగాల్, మద్రాసు, మనీలా, ఇన్నిచోట్ల పోరు జరిగింది. ఒక్క మనీలా సంగతే తీసుకోండి. 1762లో స్పెయిన్ చేతిలోని ఆ నగరాన్ని పట్టుకున్న ఇంగ్లీషు నౌకలు బయల్దేరింది మద్రాసు నుంచి. అందులో కంపెనీ సిపాయిలు కూడా ఉన్నారు. యూరప్ రాజుల గొడవ కోసం మన వైపు మనుషులు ఫిలిప్పీన్స్ దాకా వెళ్లి పోరాడారంటే యుద్ధం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

బ్రిటన్ ఎందుకు గెలిచింది? సైన్యం పెద్దదా?

ఫ్రాన్స్ జనాభా బ్రిటన్ జనాభాకు రెండు రెట్ల పైనే, భూసైన్యం కూడా పెద్దదే. బ్రిటన్ బలం నౌకాదళంలోను, అప్పు పుట్టించుకోగలగడంలోను ఉంది. ఈ రెండోదాన్ని మనం సాధారణంగా పట్టించుకోం.

1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టినప్పటి నుంచి అక్కడి ప్రభుత్వం తీసుకున్న అప్పుకు పార్లమెంటు పన్నులే పూచీ. వడ్డీ వేళకు అందుతుందన్న నమ్మకం ఉండడంతో జనం తక్కువ వడ్డీకే డబ్బు ఇచ్చేవారు. ఫ్రాన్స్‌లో ప్రభువులకు, మతాధికారులకు చాలా పన్నుల నుంచి మినహాయింపు ఉండేది. రాజు వెనకటి అప్పులు ఎగ్గొట్టిన చరిత్ర కూడా ఉంది. అందుకే ఫ్రాన్స్ ఎక్కువ వడ్డీ కట్టాల్సి వచ్చేది.

బ్రిటన్ మంత్రి విలియం పిట్ ఆ అప్పు డబ్బును నీళ్లలా ఖర్చుపెట్టాడు. ఫ్రెడరిక్‌కు ఏటా 6,70,000 పౌండ్లు ఇచ్చి ఫ్రాన్స్‌ను యూరప్‌లో కట్టిపడేశాడు, ఓడల్ని సముద్రాల మీదికి పంపాడు. 1759 నవంబరులో క్విబరాన్ అఖాతంలో ఫ్రెంచి నౌకాదళం చితికిపోయింది. ఆ తర్వాత కెనడాకు గాని, పుదుచ్చేరికి గాని ఫ్రాన్స్ సరిగ్గా సాయం పంపలేకపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో క్యూబెక్ కోట బయట జరిగిన పోరులో ఇంగ్లీషు సేనాని వుల్ఫ్, ఫ్రెంచి సేనాని మోంకామ్ ఇద్దరూ తగిలిన గాయాలతోనే చనిపోయారు. క్యూబెక్ ఇంగ్లీషువారి వశమైంది.

మరి ప్రష్యా ఎలా బతికి బట్టకట్టింది?

అదృష్టం. 1762 జనవరిలో రష్యా మహారాణి ఎలిజబెత్ చనిపోయింది. కొత్త జారు మూడో పీటర్‌కు ఫ్రెడరిక్ అంటే వల్లమాలిన అభిమానం, గద్దె ఎక్కగానే సంధి చేసుకున్నాడు. అప్పటికి ప్రష్యా దాదాపు చేతులెత్తేసే స్థితిలో ఉంది.

ప్లాసీ యుద్ధం ఇందులో భాగమేనా?

బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా, కంపెనీల మధ్య తగాదాకు సొంత కారణాలున్నాయి. 1756 జూన్‌లో నవాబు కలకత్తా పట్టుకున్నాడు, 1757 జనవరిలో కంపెనీ సేనాని క్లైవ్, నౌకాదళ అధికారి వాట్సన్ దాన్ని తిరిగి తీసుకున్నారు. కానీ యూరప్‌లో యుద్ధం మొదలైందన్న వార్త రావడంతో మార్చిలో ఫ్రెంచివారి చందర్‌నగర్ మీద కూడా పడ్డారు. అది పోయాక బెంగాల్లో కంపెనీకి ఎదురు నిలిచే యూరప్ శక్తి లేకుండా పోయింది. జూన్ 23న జరిగిన ప్లాసీ పోరు ఆ తర్వాతి అంకం. ఫలితాన్ని ముందే తేల్చింది నవాబు సేనాని మీర్ జాఫర్, జగత్ సేఠ్ షావుకార్లు, క్లైవ్ కలిసి చేసుకున్న బేరం. క్లైవ్ ఒక్కడికే దక్కింది 2,34,000 పౌండ్లు.

ఈ డబ్బు సంగతి గుర్తుంచుకోవాలి. బెంగాల్ ఖజానా చేతికి రావడం వల్లే ఆ మరుసటి ఏడాది క్లైవ్ మన తీరానికి సైన్యం పంపగలిగాడు.

తెలుగు నేలకు ఈ యుద్ధంతో సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సేనాని బుస్సీకి నాలుగు సర్కార్లు రాసిచ్చాడు: చికాకోల్ అంటే శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ అంటే కొండపల్లి. సలాబత్ జంగ్‌ను గద్దె మీద నిలబెట్టిన ఫ్రెంచి సిపాయిల జీతాలకు ఆ ప్రాంతం శిస్తు సరిపెట్టాలి. గోదావరి డెల్టా రైతు కట్టిన శిస్తుతో హైదరాబాదులో ఫ్రెంచి పటాలం బతికింది. పరాయి సైన్యాన్ని పెట్టుకుని దాని ఖర్చుకు జిల్లాలు రాసిచ్చే ఈ పద్ధతినే తర్వాత ఇంగ్లీషు కంపెనీ దేశమంతటా వాడుకుంది. ఆ దారి చూపింది బుస్సీ.

బొబ్బిలి యుద్ధం కూడా ఇందులోదేనా?

నేరుగా కాదు, కానీ విడదీసి చూడలేం. శిస్తు వసూలు చేసుకోవాలంటే బుస్సీకి స్థానిక జమీందారుల సాయం కావాలి. విజయనగరం పూసపాటి విజయరామరాజు ఆయన పక్షాన చేరాడు. బొబ్బిలితో ఆయనకున్న పాత పగ ఫ్రెంచి ఫిరంగులకు దారి చూపింది. 1757 జనవరి 24న కోట కూలింది. బొబ్బిలి రాజు రంగారావు, ఆయనతో ఉన్నవారు చివరిదాకా పోరాడి ప్రాణాలిచ్చారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ని చంపాడు. ఇంతవరకు బుర్రకథల్లో విన్నదే.

ఆ తర్వాతి కథ మనం వినం. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతిరాజుకు, బుస్సీకి పొసగలేదు. 1757 జూన్‌లో, సరిగ్గా ప్లాసీ జరిగిన రోజుల్లోనే, బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు స్థావరాన్ని పట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పుదుచ్చేరికి కొత్తగా వచ్చిన ఫ్రెంచి సేనాని లాలీ, మద్రాసు మీద దాడికి రమ్మని బుస్సీని దక్కను నుంచి వెనక్కి పిలిచాడు. నా లెక్కలో ఫ్రెంచివారు చేసిన అతి పెద్ద తప్పు ఇదే. ఇక్కడి మనుషులు, ఇక్కడి రాజకీయం తెలిసిన ఒకే ఒక్క సేనానిని కదిలించి, ఆ స్థానంలో కాన్‌ఫ్లాన్స్ అనే అధికారిని పెట్టారు. అదను చూసి ఆనంద గజపతిరాజు విశాఖను పట్టుకున్నాడు. రండి, ఫ్రెంచివారిని తరుముదాం అని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు.

చందుర్తి, బందరు పోరాటాల్లో ఏం జరిగింది?

క్లైవ్ కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. వెంట సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో రెండు సైన్యాలు తలపడ్డాయి. ఫోర్డ్ సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకుని ఉన్నారు. వాళ్లనే యూరోపియన్ పటాలం అనుకుని ఫ్రెంచివారు వాళ్ల మీదికి ఉరికారు. వాళ్లు వెనక్కి తగ్గుతుంటే వరస తప్పి తరుముకుంటూ వెళ్లారు. ఏపుగా పెరిగిన చేను మాటున ఉన్న అసలు ఇంగ్లీషు పటాలం అప్పుడు పక్కనుంచి కాల్పులు మొదలుపెట్టింది. ఫ్రెంచివారు ఓడి రాజమండ్రి వైపు పరుగెత్తారు.

ఇక అసలు కష్టం అక్కడి నుంచే. ఖర్చులు తాను భరిస్తానన్న ఆనంద గజపతిరాజు డబ్బు ఇవ్వడంలో తాత్సారం చేశాడు. వారాల తరబడి సైన్యం కదలలేదు. చివరికి బందరు చేరేసరికి ఫోర్డ్‌కు అన్ని వైపులా చిక్కే. కోటలో ఉన్న ఫ్రెంచి దళం ఆయన యూరోపియన్ దళం కంటే పెద్దది. సలాబత్ జంగ్ సైన్యం బెజవాడ వైపు నుంచి వస్తోంది. సొంత సైనికులేమో జీతాలు, దోపిడీ వాటా కోసం తిరగబడ్డారు. మందుగుండు అడుగంటింది. 1759 ఏప్రిల్ 7 రాత్రి, ఎవరూ రాలేరని ఫ్రెంచివారు ధీమాగా ఉన్న బురద నేల వైపు కూడా మనుషుల్ని నడిపించి కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు.

సలాబత్ జంగ్ వెంటనే ప్లేటు ఫిరాయించాడు. మేలో కుదిరిన ఒప్పందంలో బందరును, చుట్టుపక్కల ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యంలో ఉండనివ్వనని మాట ఇచ్చాడు. దక్కనులో ఫ్రెంచి ప్రాబల్యం అక్కడితో ఆఖరు. 1760 జనవరిలో వందవాసి పోరు, 1761 జనవరిలో పుదుచ్చేరి పతనం దాని తర్వాతే. వందవాసిని అన్ని పుస్తకాలూ చెబుతాయి. కానీ అప్పటికే బందరు శిస్తు పోయి, హైదరాబాదు అండ పోయి లాలీ రెక్కలు విరిగిన పక్షిలా ఉన్నాడు. అందుకే బందరును ప్లాసీ, వందవాసి పక్కన నిలపాలంటాను.

సర్కారు జిల్లాలు మొత్తం కంపెనీ చేతికి ఎప్పుడు వచ్చాయి?

1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి రెండో షా ఆలం నుంచి క్లైవ్ వాటికి ఫర్మానా తెచ్చుకున్నాడు. కానీ హైదరాబాదులో ఉన్నది సలాబత్ జంగ్‌ను దించి వచ్చిన నిజాం అలీ ఖాన్, ఆయన ఊరుకునే మనిషి కాదు. చివరికి 1766 నవంబరులో, ఏటా కొంత సొమ్ము చెల్లించే షరతు మీద ఒప్పందం కుదిరింది. ఈ బేరసారాల్లో మధ్యవర్తిగా నడిచినవాడు కాండ్రేగుల జోగి పంతులు అనే తెలుగు దుబాసీ. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండి, 1788లో కంపెనీకి వచ్చింది.

కంపెనీని పిలిచిన విజయనగరం సంగతి కూడా చెప్పాలి. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో చిన విజయరామరాజు ప్రాణాలు కోల్పోయాడు. పేష్కష్ (కంపెనీకి ఏటా కట్టే కప్పం) బకాయిల దగ్గర మొదలైన తగాదా అది. బందరు గెలుపుకు, దీనికి మధ్య 35 ఏళ్లు.

పారిస్ ఒప్పందంలో ఎవరికి ఏం దక్కింది?

1763 ఫిబ్రవరి 10న సంతకాలయ్యాయి. కెనడా, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఫ్రెంచి నేల బ్రిటన్‌కు. స్పెయిన్ ఫ్లోరిడా ఇచ్చి హవానాను వెనక్కి తీసుకుంది. మిసిసిపీకి పడమర లూసియానాను ఫ్రాన్స్ అంతకు ముందే రహస్యంగా స్పెయిన్‌కు ఇచ్చేసింది. ఫ్రాన్స్‌కు గ్వాడలూప్, మార్టినిక్ తిరిగి వచ్చాయి.

అంత పెద్ద కెనడాను వదిలి ఇంత చిన్న దీవులు ఎందుకని చాలామంది అడుగుతారు. చక్కెర కోసం. ఆ దీవుల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చెరకు పండించేవారు. కెనడా బొచ్చు తోళ్ల వర్తకం కంటే ఆ దీవుల రాబడి చాలా ఎక్కువ. లండన్‌లో కూడా కెనడా ఉంచుకోవాలా, గ్వాడలూప్ ఉంచుకోవాలా అని పెద్ద వాదనే నడిచింది.

1765 దివానీని మలుపు అని ఎందుకు అంటారు?

సామ్రాజ్యాల కాలం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే తేదీ ఇదే: 1765 ఆగస్టు 12. అలహాబాదులో షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల శిస్తు వసూలు హక్కును, అంటే దివానీని, కంపెనీకి ఇచ్చాడు. బదులుగా ఆయనకు ఏటా 26 లక్షల రూపాయలు.

అంతకు ముందు రెండు వందల ఏళ్ల లెక్క చూడండి. యూరప్ దగ్గర మనకు కావలసిన సరుకు పెద్దగా లేదు. వాళ్లకు మాత్రం మన అద్దకం బట్టలు, మస్లిన్లు, మిరియాలు కావాలి. కాబట్టి వెండి తెచ్చి కొనేవారు. బొలీవియాలోని పొటోసీ కొండల్లో మూలవాసులు తవ్విన వెండి సముద్రాలు దాటి బందరు నేతగాడి ఊరికి కూడా చేరేది. 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తక స్థావరం పెట్టింది ఆ బట్టల కోసమే. ప్లాసీ తర్వాత కంపెనీ బెంగాల్‌కు వెండి తేవడం దాదాపుగా ఆపేసింది. దివానీ వచ్చాక రైతు కట్టిన శిస్తుతోనే అదే దేశపు సరుకు కొని లండన్‌కు పంపింది. సరుకు వెళ్లింది, దానికి బదులు రావలసిన సొమ్ము రాలేదు.

ఐదేళ్లు తిరగకముందే, 1769–70లో, బెంగాల్లో ఘోరమైన కరువు వచ్చింది. వానలు లేకపోవడం ఒక కారణం. శిస్తు వసూలులో కనికరం లేకపోవడం ఇంకో కారణం, దాన్ని క్షమించలేం. ఎందరు చనిపోయారన్నదాని మీద చరిత్రకారుల్లో తేడాలున్నాయి. అప్పటి నుంచి చెప్పుకుంటున్న లెక్క సుమారు కోటి మంది.

అమెరికా స్వాతంత్ర్యానికి దీనితో లింకు ఉందా?

ఉంది. యుద్ధం వల్ల బ్రిటన్ జాతీయ అప్పు దాదాపు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. ఆ భారంలో కొంత వలసలు మోయాలని 1764లో చక్కెర మీద, 1765లో స్టాంపుల మీద చట్టాలు చేశారు. మా ప్రతినిధులు లేని పార్లమెంటుకు మా మీద పన్ను వేసే హక్కు లేదని వలసలు ఎదురు తిరిగాయి. పక్కన ఫ్రెంచివాళ్ల భయం ఉన్నంతకాలం వాళ్లకు లండన్ రక్షణ కావాలి, 1763 తర్వాత ఆ అవసరం తీరిపోయింది.

ఇక్కడ బెంగాల్ మళ్లీ వస్తుంది. 1772 నాటికి కంపెనీ దివాలా అంచున ఉంది. గోదాముల్లో అమ్ముడుపోని టీ గుట్టలు. దాన్ని గట్టెక్కించడానికి పార్లమెంటు అప్పు ఇచ్చింది, 1773లో టీ చట్టం చేసి నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 16న బోస్టన్ రేవులో సముద్రంపాలైంది ఈస్టిండియా కంపెనీ టీయే.

ఇంకో లింకు కూడా ఉంది. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయిన కార్న్‌వాలిస్సే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి వచ్చాడు. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి అదే పద్ధతి మన సర్కారు జిల్లాల్లోకి వచ్చింది.

ఫ్రాన్స్ మీద ప్రభావం?

పగతో ఫ్రాన్స్ 1778లో అమెరికన్ల పక్షాన యుద్ధంలోకి దిగింది. గెలిచింది, కానీ అప్పుల్లో మునిగింది. కొత్త పన్నులకు దారిలేక 1789 మేలో పదహారో లూయీ ఎస్టేట్స్ జనరల్ సభ పిలిచాడు, జులైలో పారిస్‌లోని బాస్టీలు కోట కూలింది. ఆ విప్లవం మాటలు ఫ్రాన్స్ చక్కెర దీవి సెయింట్ డొమింగ్‌కు చేరాయి. అక్కడి బానిసలు 1791లో తిరగబడి, 1804లో హైతీ పేరుతో స్వతంత్రులయ్యారు. బానిసలుగా ఉన్నవారు తిరగబడి సొంత దేశం నిలబెట్టుకున్న ఘట్టం అది. నాకు ఈ మొత్తం కథలో తల ఎత్తి చెప్పుకోదగ్గ గెలుపు అదొక్కటే.

ఎక్కువ నష్టపోయింది ఎవరు?

ఒప్పందం బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్లు. అమెరికా మూలవాసులను అడక్కుండానే వాళ్ల నేల చేతులు మారింది. 1763లోనే పాంటియాక్ అనే నాయకుడితో కలిసి అనేక తెగలు తిరగబడ్డాయి. కొండలు దాటి వలస వెళ్లరాదని ఆ అక్టోబరులో లండన్ ఆజ్ఞ ఇచ్చినా, వలసదారులు ఖాతరు చేయలేదు. కెనడా తూర్పు తీరంలోని అకాడియా నుంచి ఫ్రెంచి మాట్లాడే వేలాది మందిని 1755 నుంచి ఇంగ్లీషువారు ఓడల్లోకి ఎక్కించి వెళ్లగొట్టారు. ఇక్కడ, జెండా ఏదైనా శిస్తు కట్టింది రైతే.

ఫ్రెంచివారు గెలిచి ఉంటే మనకు మేలు జరిగేదా?

అలా అనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. సర్కార్లలో బుస్సీ వసూళ్లు, బొబ్బిలి, చక్కెర దీవులు చూశాక ఆ ఆశ నిలవదు.

ఓడిపోయాక కూడా యానాం ఫ్రెంచివారికి ఎలా మిగిలింది?

పారిస్ ఒప్పందంలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్, యానాం వర్తక స్థావరాలుగా తిరిగి ఫ్రాన్స్‌కు వచ్చాయి. తర్వాతి యుద్ధాల్లో ఇంగ్లీషువారు వాటిని మళ్లీ పట్టుకోవడం, సంధి కుదిరాక వదిలేయడం జరుగుతూనే వచ్చింది. చుట్టూ గోదావరి జిల్లా ఇంగ్లీషు పాలనలో ఉన్నా, యానాంలో ఫ్రెంచి పాలన 1954 దాకా సాగింది. ఈ రోజుకీ అది ఆంధ్రప్రదేశ్‌లో కలవలేదు, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగానే ఉంది.